సొంత పేరుతో డొమైన్: పేరు ఎంచుకోవడం నుంచి మెయిల్ అందేదాకా

"గురూ, నా పేరుతో డాట్ కామ్ తీసుకుందామనుకుంటున్నా, ఎక్కడ చవగ్గా వస్తుంది?" ఈ ప్రశ్న ఆగకుండా వస్తూనే ఉంది. అడిగేవాళ్లలో వైజాగ్ మద్దిలపాలెం హాస్టళ్లలో ఉంటూ ప్లేస్‌మెంట్ల కోసం రెజ్యూమె దిద్దుకుంటున్న కుర్రాళ్లున్నారు. ఎంవీపీ కాలనీలో ఇంట్లోనే సంగీతం చెప్పే మేడమ్‌లున్నారు. ఉక్కునగరంలో రిటైరై ఇప్పుడు కన్సల్టెన్సీ మొదలెట్టిన ఇంజనీర్లూ ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాసేస్తున్నాను.

ఎక్కడ చవక అన్నది ఇందులో అన్నిటికంటే చిన్న ప్రశ్న. పేరు ఎలా ఉండాలి, ఖాతా ఎవరి చేతిలో ఉండాలి, ఏటా డబ్బు ఎవరు గుర్తుపెట్టుకుని కడతారు, ఈ మూడూ తేలితే మిగతాది గంట పని. ఇంకో సంగతి: డొమైన్ (ఇంటర్నెట్లో మీకంటూ ఉండే పేరు, పైడిరాజు డాట్ ఇన్ లాంటిది) అనగానే అందరూ వెబ్‌సైట్ గురించే ఆలోచిస్తారు. నన్నడిగితే ముందు మెయిల్, తర్వాతే వెబ్‌సైట్. వెబ్‌సైట్ లేకపోయినా మీ పనేం ఆగదు. మెయిల్ అడ్రసు పోతే మాత్రం దానికి కట్టుకున్న ఖాతాలన్నీ చిక్కులో పడతాయి. కాలేజీ ఇచ్చిన మెయిల్ డిగ్రీతో, కంపెనీ ఇచ్చింది రాజీనామాతో పోతుంది. ఆర్కుట్ 2014లో మూతపడింది, గూగుల్ ప్లస్ 2019లో, యాహూ గ్రూప్స్ 2020లో. మీ పేరు మీద డొమైన్ ఉంటే దాని వెనక ఏ కంపెనీ సేవ వాడుతున్నారన్నది మీ ఇష్టం. నచ్చకపోతే మార్చుకుంటారు, అవతలివాళ్లకు అడ్రసు మారదు.

కావలసినవి

- డెబిట్ కార్డు లేదా యూపీఐ. ఏడాదికి ఖర్చు డాట్ ఇన్ అయినా డాట్ కామ్ అయినా వెయ్యి రూపాయలకు కాస్త అటూ ఇటూ అనుకోండి.
- ఇప్పటికే నడుస్తున్న మామూలు మెయిల్ ఒకటి. జీమెయిల్ చాలు. దీన్ని మూసెయ్యకూడదు, కారణం నాలుగో మెట్టులో.
- గుర్తింపు పత్రం. డాట్ ఇన్‌కి కేవైసీ అడుగుతారు.
- వీలైతే కంప్యూటరు. ఫోన్లోనూ అవుతుంది గానీ, పొడుగాటి రికార్డులు ఫోన్లో కాపీ చేసేటప్పుడు చివరి అక్షరం జారిపోతూ ఉంటుంది.
- ఒక కాగితం, పెన్ను. ఇది సరదాకి చెప్పడం లేదు.

1. పేరు ఎంచుకోండి

ఇక్కడ తొందరపడొద్దు. ఒకసారి మెయిల్ అడ్రసు పదిమందికీ వెళ్లాక పేరు మార్చడం చాలా కష్టం.

మన పేర్లతో వచ్చే తలనొప్పంతా ఇంగ్లిష్ స్పెల్లింగులోనే ఉంది. లక్ష్మిని 'కె ఎస్ హెచ్'తో రాసేవాళ్లున్నారు, ఒక్క 'ఎక్స్'తో సరిపెట్టేవాళ్లున్నారు. శ్రీనివాస్‌కి ఒక 'ఐ' చాలా, రెండు 'ఈ'లు కావాలా? మన ఉత్తరాంధ్ర పేర్లు ఇంకో రకం. పైడిరాజుని 'పి వై' అని మొదలుపెట్టేవాళ్లూ, 'పి ఏ ఐ' అనేవాళ్లూ ఒకే వీధిలో దొరుకుతారు. న్యూమరాలజీ చూపించుకుని మధ్యలో ఇంకో 'ఏ' కలిపినవాళ్ల సంగతి సరే సరి. నియమం ఒక్కటే: పదో తరగతి సర్టిఫికెట్‌లో ఏ స్పెల్లింగు ఉందో అదే తీసుకోండి. పాస్‌పోర్టు, ఆఫరు లెటరు అన్నీ దాన్నే పట్టుకుని వస్తాయి.

తర్వాత ఫోను పరీక్ష. శ్రీకాకుళంలో ఉన్న మీ పిన్నికో, గాజువాకలో ఉన్న బావకో ఫోన్ చేసి పేరు ఒక్కసారి చెప్పండి. స్పెల్లింగు చెప్పొద్దు. విన్నది విన్నట్టు వాట్సాప్‌లో టైపు చేసి పంపమనండి. ముగ్గురిని అడిగితే ఇద్దరు సరిగ్గా పంపితే ఆ పేరు పనికొస్తుంది. ముగ్గురూ మూడు రకాలుగా పంపితే పేరు కురచ చేయండి. బి, డి, పి, వి ఫోన్లో ఒకేలా వినిపిస్తాయి, ఎం, ఎన్ కూడా అంతే. ఇనీషియల్స్ వరసగా పేర్చిన డొమైన్లు ఈ పరీక్షలో దాదాపు ఎప్పుడూ తప్పుతాయి.

పెట్టకూడనివి:

- హైఫను. చెప్పేటప్పుడు "మధ్యలో చిన్న గీత" అనాలి, అవతలివాళ్లు కింద గీత పెడతారు.
- పుట్టిన సంవత్సరం. మీ వయసు ఊరంతా చాటినట్టవుతుంది.
- ఉద్యోగం పేరు. ఇవాళ టెస్టింగు, రేపు ఇంకోటి.
- మీ సొంత డొమైనే అయితే వైజాగ్, విశాఖ లాంటి ఊరి పేర్లు. టిఫిన్ సెంటరుకో, ట్యూషన్లకో ఊరి పేరు బాగుంటుంది. మనిషికి అక్కర్లేదు, రేపు మీరు హైదరాబాద్ వెళ్తారో డల్లాస్ వెళ్తారో ఎవరికి తెలుసు.
- ఏదైనా కంపెనీ పేరు, సినిమా హీరో పేరు. డాట్ ఇన్‌కి ఐఎన్‌డీఆర్పీ, డాట్ కామ్‌కి యూడీఆర్పీ అనే వివాద పరిష్కార పద్ధతులున్నాయి. ట్రేడ్‌మార్క్ ఉన్నవాళ్లు ఫిర్యాదు చేసి మీ చేతిలోంచి తీసుకోగలరు.

అమ్మాయిలకు ఒక మాట, మొహమాటం లేకుండా. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారుస్తారో మార్చరో మీ ఇష్టం. డొమైన్‌లో మాత్రం ఇంటిపేరు లేకుండా సొంత పేరే ఉండేలా చూసుకోండి. అది దొరక్కపోతే అమ్మమ్మ పిలిచే ముద్దుపేరైనా పర్వాలేదు, పలకడానికి తేలిగ్గా ఉంటే.

2. తోక ఎంచుకోండి

డాట్ తర్వాత వచ్చేదాన్ని ఇక్కడ తోక అంటున్నాను. మనవాళ్లకు నా మొదటి ఓటు డాట్ ఇన్‌కి. దీన్ని నిక్సీ అనే సంస్థ నిర్వహిస్తుంది. 2005లో అందరికీ తెరిచారు కాబట్టి డాట్ కామ్‌లో ఎప్పుడో అయిపోయిన పేర్లు ఇందులో ఇంకా దొరుకుతాయి. డాట్ కామ్ దొరికితే అదీ మంచిదే, జనం నోట తిరిగిన తోక అది. మీ పేరుకి డాట్ కామ్ ఎవరో పట్టుకుని లక్షలు అడుగుతుంటే వదిలేయండి. అంత విలువ లేదు.

రుషికొండ సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు డాట్ ఐఓ, డాట్ ఏఐ మీద మోజు. డాట్ ఐఓ బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతపు కోడు. ఆ దీవుల్ని మారిషస్‌కి అప్పగించే ఒప్పందం 2025లో కుదిరింది, కాబట్టి ఆ తోక భవిష్యత్తు మీద ప్రశ్నలున్నాయి. డాట్ ఏఐ అంగ్విల్లా అనే చిన్న ద్వీపానిది, ధరా ఎక్కువే. జీవితాంతం ఉంచుకునే పేరుకి ఇవి వద్దంటాను. డాట్ డెవ్ బాగుంటుంది గానీ ఆ తోకతో ఉన్న పేజీలు హెచ్‌టీటీపీఎస్ (సురక్షిత కనెక్షన్) లేకుండా బ్రౌజర్లో తెరుచుకోవు, అది తెలుసుకుని తీసుకోండి.

ఉచితం అనే మాట వినగానే వెనక్కి తిరగండి. ఒకప్పుడు డాట్ టీకే లాంటివి ఫ్రీనామ్ ఉచితంగా పంచేది. 2023లో కొత్తవి ఇవ్వడం ఆపేసింది, మరుసటి ఏడాది ఈ వ్యాపారమే మానుకుంటున్నానంది. నమ్ముకున్నవాళ్లు వీధిన పడ్డారు.

తెలుగు లిపిలోనే డొమైన్ ఉండొచ్చా అని అడిగేవాళ్లకు: ఉండొచ్చు, డాట్ భారత్ తెలుగు అక్షరాల్లోనూ ఉంది. ముచ్చటగా ఉంటుంది. మెయిల్‌కి మాత్రం దాన్ని నమ్ముకోవద్దు, చాలా ఆన్‌లైన్ ఫారాలు ఆ అడ్రసుని చూసి "ఇన్‌వాలిడ్" అంటాయి. రెండోదిగా తీసుకుని మొదటిదానికి మళ్లించుకోండి.

3. కొనండి, మీ చేత్తోనే కొనండి

డొమైన్ అమ్మే కంపెనీని రిజిస్ట్రార్ అంటారు. గోడాడీ, బిగ్‌రాక్, హోస్టింగర్, నేమ్‌చీప్ లాంటివి మనవాళ్లు ఎక్కువగా వాడతారు. ఏదైనా సరే, ఈ నాలుగూ చూడండి.

అ) రెన్యూవల్ ధర. మొదటి ఏడాది 99 అనో 199 అనో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. రెండో ఏడాది ధర కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. మీరు కట్టబోయేది ఆ చిన్న అక్షరాల ధర, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఐదేళ్లకు ఎంతవుతుందో కాగితం మీద లెక్కేసి పోల్చండి. చవకగా కనిపించింది కాస్తా తలకిందులవుతుంది.

ఆ) టిక్ పెట్టెలు. డబ్బు కట్టే పేజీలో హోస్టింగు, వెబ్‌సైట్ బిల్డరు, అదనపు రక్షణ, మెయిల్ ట్రయల్ అని ముందే టిక్ పెట్టి ఉంచుతారు. అన్నీ తీసేయండి. డొమైన్ ఒక్కటే ఉండాలి.

ఇ) ప్రైవసీ. డాట్ కామ్ తీసుకుంటే మీ ఫోను, అడ్రసు బయటికి కనపడకుండా ప్రైవసీ సేవ ఉంటుంది, చాలాచోట్ల ఉచితం. డాట్ ఇన్ నిబంధనల్లో అలాంటి ముసుగు సేవకు చోటు లేదు. అలాగని అబద్ధపు వివరాలు ఇవ్వొద్దు, అవే కారణంగా డొమైన్ నిలిపేయొచ్చు. కొన్న రెండ్రోజులకే "సార్, వెబ్‌సైట్ చేయించుకుంటారా" అని ఫోన్లు రావచ్చు. బ్లాక్ చేసుకుంటూ పోవడమే.

ఈ) యజమాని పేరు. రిజిస్ట్రంట్ అని అడిగే చోట మీ పేరు, మీ మెయిల్, మీ ఫోను ఉండాలి. ద్వారకానగర్లో ఎవరో వెబ్ డిజైనరు "మీకెందుకు సార్ ఈ తలనొప్పి, మేం చూసుకుంటాం" అని తన ఖాతాలోనే కొంటే, షాపు బోర్డు మీద మీ పేరు, లీజు కాగితం మీద బోర్డు రాసినతని పేరు ఉన్నట్టు. అతనితో మాట తేడా వచ్చిన రోజున మీకేం మిగలదు. పని అతనితో చేయించుకోండి, కొనడం మాత్రం మీరే కొనండి.

ఎన్నేళ్లకి? పదేళ్ల వరకు ఒకేసారి కట్టనిస్తారు. మొదట ఏడాదికే తీసుకోండి. పేరు మీకు సరిపోయిందని తేలాక ఐదేళ్లకో పదేళ్లకో పొడిగించండి.

4. ఖాతాకి తాళం వేయండి

కొన్న వెంటనే రిజిస్ట్రార్ నుంచి మెయిల్ ధ్రువీకరణ లింకు వస్తుంది. డాట్ కామ్ లాంటివాటికి 15 రోజుల్లో దాన్ని నొక్కకపోతే డొమైన్ నిలిపేస్తారు. స్పామ్ ఫోల్డర్లో కూడా వెతకండి. "నిన్నటిదాకా పనిచేసింది, ఇవాళ పేజీ రావడం లేదు" అని కొత్తగా కొన్నవాళ్లు అడిగితే మొదట చూడాల్సింది ఇదే.

రిజిస్ట్రార్ ఖాతాకి లాగిన్ మెయిల్‌గా ఆ డొమైన్ మీద పెట్టుకునే మెయిల్ ఇవ్వకండి. డొమైన్ ఆగిపోతే మెయిల్ ఆగిపోతుంది, మెయిల్ రాకపోతే పాస్‌వర్డు రీసెట్ లింకు రాదు, లింకు రాకపోతే డొమైన్‌ని బాగు చేసుకోలేరు. తాళంచెవి లోపలే పడిపోతుందన్నమాట. అందుకే పాత జీమెయిల్‌ని ఉంచుకోమన్నది.

రెండంచెల లాగిన్ (పాస్‌వర్డుతో పాటు ఒక కోడు కూడా అడిగేది) పెట్టండి, ఎస్ఎంఎస్‌తో కాకుండా కోడ్లు చూపించే ఆథెంటికేటర్ యాప్‌తో. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్లో ఫోన్లు ఎలా మూగబోయాయో వైజాగ్ వాళ్లకి చెప్పక్కర్లేదు. సిగ్నల్ లేని చోట ఓటీపీ రాదు, యాప్‌లో కోడు వస్తుంది. విదేశానికి వెళ్లి ఇక్కడి సిమ్ రీచార్జి మానేసినవాళ్లకీ ఇదే అవసరం. యాప్ పెట్టేటప్పుడు ఇచ్చే బ్యాకప్ కోడ్లు ఆ కాగితం మీద రాసుకోండి. కాగితం, పెన్ను అన్నది అందుకే.

డొమైన్‌ని ఎవరూ వేరే కంపెనీకి తరలించకుండా ఆపే డొమైన్ లాక్ అనే మీట కూడా ఉంటుంది. అది ఆన్‌లో ఉండాలి.

5. డీఎన్ఎస్ పేజీ పరిచయం చేసుకోండి

సిద్ధాంతం రెండు వాక్యాల్లో: మీ పేరుకి వచ్చే మెయిల్ ఎక్కడికి పోవాలి, మీ పేజీ అడిగినవాళ్లని ఎక్కడికి పంపాలి అన్న వివరాలు రికార్డులుగా రాసిపెట్టే పట్టిక డీఎన్ఎస్. ఆ పట్టిక ఏ కంపెనీ దగ్గర ఉందో చెప్పేవి నేమ్ సర్వర్లు.

మీకు కావలసినవి నాలుగే. 'ఏ' (A) రికార్డు, సీనేమ్ పేజీకి. ఎంఎక్స్ మెయిల్‌కి. టీఎక్స్‌టీ రుజువులకి.

ఇక్కడ జనం చేసే తప్పు ఒకటుంది. నేమ్ సర్వర్లని క్లౌడ్‌ఫ్లేర్ లాంటి డీఎన్ఎస్ కంపెనీకో ఇంకోచోటికో మార్చేసి, ఆ తర్వాత కూడా రిజిస్ట్రార్ పేజీలోనే రికార్డులు రాస్తూ కూర్చుంటారు. అక్కడ రాసింది ఎవరూ చదవరు. నేమ్ సర్వర్లు ఎక్కడున్నాయో అక్కడే రాయాలి. తెలియకపోతే ప్రస్తుతానికి నేమ్ సర్వర్లు ముట్టుకోకండి, రిజిస్ట్రార్ ఇచ్చినవే చాలు.

6. మెయిల్ పెట్టుకోండి

మూడు దారులున్నాయి.

మొదటిది ఫార్వర్డింగు. మీ డొమైన్‌కి వచ్చిన మెయిల్ మీ జీమెయిల్‌కి వచ్చి పడుతుంది. క్లౌడ్‌ఫ్లేర్ ఉచితంగా ఇస్తుంది, కొందరు రిజిస్ట్రార్లూ ఇస్తారు. ఖర్చు లేదు. కానీ జవాబిస్తే జీమెయిల్ అడ్రసు నుంచే పోతుంది. కార్డు మీద అడ్రసు వేసుకోవడానికి చాలు, అంతకుమించి ఆశించొద్దు.

రెండోది జోహో మెయిల్, చెన్నై కంపెనీ. సొంత డొమైన్‌తో ఉచిత ప్లాను ఉంది. అందులో బ్రౌజర్లోనో వాళ్ల యాప్‌లోనో చూసుకోవాలి, వేరే మెయిల్ యాప్‌లకి కలపడానికి ఉండదు. ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే.

మూడోది గూగుల్ వర్క్‌స్పేస్ లాంటి డబ్బు ప్లాను. అచ్చంగా జీమెయిల్ లాగే ఉంటుంది, నెల నెలా కట్టాలి. పనంతా మెయిల్ మీదే నడిచేవాళ్లకి దండగ కాదు.

@కి ముందు ఏం పెట్టాలి? 'మెయిల్' అని పెట్టకండి. బ్యాంకు కౌంటర్లో "మెయిల్ ఎట్ పైడిరాజు డాట్ ఇన్" అని చెప్పి చూడండి. ఆ అమ్మాయి "జీమెయిలేనా సార్?" అంటుంది. మీరు కాదనేలోపు చెయ్యి అలవాటు కొద్దీ చివర్లో జీమెయిల్ డాట్ కామ్ కొట్టేస్తుంది. 'హలో' బాగుంటుంది, లేదంటే మీ పేరులో ఒక ముక్క. అడ్మిన్, ఇన్ఫో వద్దు, కొన్ని సైట్లు అవి మనుషుల అడ్రసులు కావని ఒప్పుకోవు. ఇచ్చేటప్పుడు వీలైతే నోటితో చెప్పకుండా రాసివ్వండి, రాశాక వాళ్ల తెర మీద ఒకసారి చదవండి.

ఇక చేసే వరస. జోహో అయినా మరొకటైనా ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

అ) మెయిల్ కంపెనీలో ఖాతా తెరిచి మీ డొమైన్ పేరు ఇవ్వండి. మీదేనని నిరూపించమని ఒక టీఎక్స్‌టీ విలువ ఇస్తుంది. దాన్ని డీఎన్ఎస్ పేజీలో కలపండి. పేరు గడిలో @ అని పెట్టాలి, అంటే "ఈ డొమైనే" అని. చాలామంది అక్కడ డొమైన్ పేరంతా మళ్లీ రాస్తారు. కొన్ని కంపెనీల పేజీలు దాని చివర డొమైన్‌ని ఇంకోసారి తగిలిస్తాయి. 'పైడిరాజు డాట్ ఇన్ డాట్ పైడిరాజు డాట్ ఇన్' అనే వింత పేరు మీద రికార్డు కూర్చుంటుంది, మీరేమో గంటలకొద్దీ ఎదురుచూస్తుంటారు.

ఆ) యూజరుని సృష్టించండి. మెయిల్ పెట్టె తయారు కాకముందే ఎంఎక్స్ మారిస్తే మధ్యలో వచ్చినవి వెనక్కి పోతాయి.

ఇ) పాత ఎంఎక్స్ రికార్డులన్నీ తీసేసి కొత్తవి కలపండి. రిజిస్ట్రార్ ముందే పెట్టినవి ఒకటో రెండో ఉంటాయి. వాటిని ఉంచేస్తే కొన్ని మెయిళ్లు అటు, కొన్ని ఇటు పోతాయి. పక్కన ప్రయారిటీ అంకె ఉంటుంది. చిన్న అంకె ఉన్నదాన్ని ముందు ప్రయత్నిస్తారు. మెయిల్ కంపెనీ ఏ అంకె ఇస్తే అదే వేయండి.

ఈ) ఎస్‌పీఎఫ్ అనే టీఎక్స్‌టీ రికార్డు కలపండి. మీ పేరుతో మెయిల్ పంపే హక్కు ఎవరికుందో అది చెబుతుంది. ఒక డొమైన్‌కి ఒక్క ఎస్‌పీఎఫ్ మాత్రమే ఉండాలి. రెండు సేవలు వాడితే రెండిటినీ ఒకే వాక్యంలో చేర్చాలి. రెండు వేరువేరు రికార్డులు పెడితే రెండూ చెల్లవు. మెయిళ్లు స్పామ్‌లోకి పోతున్నాయన్న ఫిర్యాదుల్లో మొదట వెతకాల్సింది ఇక్కడే.

ఉ) డీకిమ్, అంటే మెయిల్ మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే సంతకం. మెయిల్ కంపెనీ పొడవైన తాళం వాక్యం ఒకటిస్తుంది. కాపీ బటన్ నొక్కి కాపీ చేయండి, వేలితో సెలెక్ట్ చేయొద్దు. డీఎన్ఎస్ పేజీలో అతికించాక మొదటి, చివరి ఆరేసి అక్షరాలు సరిచూడండి. తర్వాత మెయిల్ కంపెనీ పేజీకి తిరిగి వెళ్లి "వెరిఫై" నొక్కాలి. ఇది మర్చిపోయేవాళ్లు బోలెడుమంది.

ఊ) డీమార్క్, అంటే పై పరీక్షల్లో తప్పిన మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే రికార్డు. మొదట్లో 'నన్' (none, ఏమీ చేయొద్దని) అనే మెత్తటి పద్ధతిలో పెట్టండి. కొన్ని వారాలు అంతా సవ్యంగా సాగాక 'క్వారంటైన్'కి (స్పామ్‌లో వేయమని) మార్చొచ్చు.

ఏ పేరుకి పంపినా అందేలా చేసే క్యాచ్ ఆల్ అనే మీట ఊరిస్తుంది. ఆన్ చేయకండి. స్పామ్ వరదలా వస్తుంది.

7. పనిచేస్తోందా? ఇలా చూడండి

మార్పులు చేశాక కాసేపు ఆగాలి. కొన్నిసార్లు నిమిషాల్లో అవుతుంది, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. ఈలోపు ఓపిక పట్టక రికార్డులు తీసి, పెట్టి, మళ్లీ తీసి చేయడం వల్లే సగం గందరగోళం.

- ఫోన్ బ్రౌజర్లో గూగుల్ అడ్మిన్ టూల్‌బాక్స్ డిగ్ అనే పేజీ తెరిచి మీ డొమైన్ కొట్టండి. ఎంఎక్స్, టీఎక్స్‌టీ ఒక్కొక్కటే నొక్కి, మీరు రాసినవే కనిపిస్తున్నాయా చూడండి. పాతవి కనిపిస్తే ఇంకా ఆగండి. ఏమీ కనిపించకపోతే మీరు తప్పు చోట రాశారు, ఐదో మెట్టు మళ్లీ చదవండి.
- కొత్త అడ్రసు నుంచి మీ జీమెయిల్‌కి ఒక మెయిల్ పంపండి. కంప్యూటర్లో ఆ మెయిల్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, "షో ఒరిజినల్" చూడండి. పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడిటి పక్కనా "పాస్" అని ఉండాలి. మూడూ పాస్ కాకముందు ఈ అడ్రసుని ఎవరికీ ఇవ్వొద్దు.
- అటు నుంచి ఇటూ పంపండి. జీమెయిల్ నుంచి, అవుట్‌లుక్ వాడే స్నేహితుడి నుంచి, ఆఫీసు మెయిల్ నుంచి. ఒక అటాచ్‌మెంటుతో కూడా.
- డొమైన్ల వ్యవస్థని చూసుకునే ఐక్యాన్ (ICANN) సంస్థ లుకప్ పేజీలో డొమైన్ కొట్టి గడువు తేదీ చూసి కాగితం మీద రాయండి. రిజిస్ట్రార్ బిల్లులో ఉన్న తేదీతో కలవాలి.

8. ఒక పేజీ పెట్టండి, కావాలంటే

పేరు, ఏం చేస్తారు, మెయిల్, రెండు లింకులు. ఒక్క పేజీ చాలు. కోడింగు కాస్త తెలిస్తే గిట్‌హబ్ పేజెస్ ఉచితం. పేజీ సెట్టింగ్స్‌లో మీ డొమైన్ ఇచ్చి, డీఎన్ఎస్‌లో @ పేరు మీద నాలుగు 'ఏ' రికార్డులు పెట్టాలి: 185.199.108.153, 185.199.109.153, 185.199.110.153, 185.199.111.153. మూడు డబ్ల్యూల పేరుకి సీనేమ్‌గా మీ గిట్‌హబ్ అడ్రసు. తర్వాత "ఎన్‌ఫోర్స్ హెచ్‌టీటీపీఎస్" టిక్ చేయండి. ఆ పెట్టె బూడిద రంగులో ఉండి నొక్కనివ్వకపోతే సర్టిఫికెట్ ఇంకా రాలేదని, మర్నాడు చూడండి.

కోడింగు రాకపోతే డొమైన్‌ని మీ లింక్డ్‌ఇన్‌కో యూట్యూబ్ చానల్‌కో మళ్లించుకోండి. రిజిస్ట్రార్ పేజీలో ఫార్వర్డింగు అని ఉంటుంది. అదేం తక్కువ కాదు.

బ్లూస్కై అనే సోషల్ మీడియా వాడేవాళ్లు ఒక టీఎక్స్‌టీ రికార్డుతో డొమైన్‌నే తమ హ్యాండిల్‌గా పెట్టుకోవచ్చు. అది మీరేనని వేరే ఎవరూ ధ్రువీకరించక్కర్లేదు.

9. పాత అడ్రసు నుంచి మారండి, మెల్లగా

ఒక్కరోజులో అన్నీ మార్చేయాలన్న ఉత్సాహం వద్దు. మొదట స్నేహితులు, రెజ్యూమె, లింక్డ్‌ఇన్. తర్వాత షాపింగు యాప్‌లు, కరెంటు బిల్లు. బ్యాంకు, పాన్, ఈపీఎఫ్, డీమ్యాట్ అన్నిటికంటే ఆఖర్న, అదీ డొమైన్‌ని ఒకసారైనా మీరు సొంతంగా రెన్యూ చేశాకే. ఎందుకంటే డొమైన్ జారిపోయి ఇంకొకరు కొన్నారంటే, మీకు రావాల్సిన పాస్‌వర్డు రీసెట్ లింకులు వాళ్లకి పోతాయి. ఏటా కట్టే అలవాటు మీకుందో లేదో తేలేదాకా డబ్బు ఖాతాలు జీమెయిల్‌లోనే ఉండనివ్వండి.

ఇదే కారణంగా, ఒకసారి మెయిల్‌కి వాడిన డొమైన్‌ని "ఇంక అక్కర్లేదులే" అని వదిలేయకూడదు. పాత ఖాతాలన్నీ వేరేచోటికి మార్చాక కూడా కొన్నేళ్లు కట్టి ఉంచండి.

10. గడువు కాపాడుకోండి

ఆటో రెన్యూవల్ పెట్టాను కదా అని నిద్రపోకండి. 2021 అక్టోబర్ నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధనలు మారాక విదేశీ కంపెనీలు మన కార్డుల నుంచి దానంతటదే డబ్బు తీసుకోవడం చాలాసార్లు కుదరడం లేదు. కార్డు గడువు కూడా అయిపోయి ఉండొచ్చు. ఫోన్ క్యాలెండర్లో రెండు గుర్తులు పెట్టండి, గడువుకి రెండు నెలల ముందొకటి, నెల ముందొకటి. ఇంట్లో ఇంకొకరి ఫోన్లోనూ పెట్టండి.

గడువు దాటిందా? కంగారు పడకుండా వెంటనే రిజిస్ట్రార్ ఖాతాలోకి వెళ్లండి. డాట్ కామ్‌కి రిజిస్ట్రార్‌ని బట్టి 45 రోజుల వరకు మామూలు ధరకే ఇవ్వొచ్చు, కొందరు అంతకంటే ముందే వేలానికి పెడతారు. ఆ తర్వాత 30 రోజుల రిడెంప్షన్, అప్పుడు విడిపించుకోవాలంటే వేలల్లో జరిమానా. ఆపైన ఐదు రోజులకు ఎవరైనా కొనుక్కోవచ్చు.

"మీ డొమైన్ గడువు అయిపోతోంది, వెంటనే కట్టండి" అంటూ ముక్కూమొహం తెలియని కంపెనీల నుంచి కూడా మెయిళ్లు వస్తాయి. అందులో లింకు నొక్కొద్దు. రిజిస్ట్రార్ పేజీని మీరే టైపు చేసి తెరిచి చూడండి.

ఎల్ఐసీ బాండ్లు, ఇంటి పన్ను రసీదులు ఉండే ఫైల్లో ఒక కాగితం చేర్చండి. డొమైన్ పేరు, రిజిస్ట్రార్ పేరు, ఖాతా ఏ మెయిల్‌తో ఉంది, గడువు తేదీ, బ్యాకప్ కోడ్లు. పాస్‌వర్డు అక్కడ రాయక్కర్లేదు, అది ఎవరికి తెలుసో రాయండి. మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లు మీ మెయిల్ చూడాల్సి వస్తుంది.

డొమైన్ ఇప్పటికే వేరేవాళ్ల ఖాతాలో ఉంటే

ఇది విడిగా చెప్పాలి, ఎందుకంటే అడిగేవాళ్లలో షాపులవాళ్లు చాలామందిది ఇదే బాధ. డిజైనరుతో సంబంధం బాగున్నప్పుడే కదపండి. గొడవయ్యాక కదిపితే ఫోనెత్తడు.

ముందు ఏ రిజిస్ట్రార్ దగ్గరుందో లుకప్ పేజీలో చూడండి. అదే కంపెనీలో మీకో ఖాతా తెరిచి, అతని ఖాతా నుంచి మీ ఖాతాలోకి మార్చమనండి. ఇది అన్నిటికంటే తేలిక. వేరే కంపెనీకి తెచ్చుకోవాలంటే అతను లాక్ తీసి ఆథ్ కోడ్ (తరలింపుకి అనుమతిచ్చే రహస్య కోడు) ఇవ్వాలి. మీరు కొత్త కంపెనీలో ట్రాన్స్‌ఫర్ కింద ఆ కోడు కొట్టాలి. డాట్ కామ్ అయితే అప్పుడు కట్టే డబ్బుకి గడువు ఒక ఏడాది పెరుగుతుంది కాబట్టి నష్టమేం లేదు. బయలుదేరే ముందు అతని దగ్గరున్న డీఎన్ఎస్ రికార్డులన్నీ స్క్రీన్‌షాట్ తీయించుకోండి, లేకపోతే డొమైన్ మీ చేతికొచ్చిన రోజే మెయిల్ ఆగిపోతుంది. మీరు డబ్బు కట్టిన యూపీఐ రసీదులు, డొమైన్ కోసమే అని రాసిన వాట్సాప్ మెసేజీలు దాచుకోండి. అతను ఇవ్వనంటే రిజిస్ట్రార్‌కి ఫిర్యాదు చేసేటప్పుడు చూపించడానికి ఉండేవి అవే.

డాట్ కామ్ కొత్తగా కొన్న 60 రోజుల్లోనూ, ఒక కంపెనీ నుంచి ఇంకోదానికి మారిన 60 రోజుల్లోనూ మళ్లీ కదలడానికి ఉండదు. అందుకని ఎక్కడికి తెచ్చుకుంటున్నారో, అక్కడ రెన్యూవల్ ధరెంతో, కోడు అడిగే ముందే చూసి పెట్టుకోండి.